తెరుచుకుంటుందని చెప్పని తలుపు

వెబ్‌సైట్లు కట్టే ఆఫీసుల్లో ఒక అభిప్రాయం చాలాకాలంగా పాతుకుపోయి ఉంది. ముందు పేజీ చూడటానికి బాగుండాలి, అనుకున్న తేదీకి లైవ్‌లోకి వెళ్లాలి. చూపు లేనివాళ్లకీ, మౌస్ పట్టుకోలేనివాళ్లకీ కావలసినవి తర్వాత తీరిగ్గా తగిలించుకోవచ్చు అన్నది ఆ అభిప్రాయం. దాన్ని ఎవరూ సిద్ధాంతంగా ప్రకటించరు. పనుల పట్టికలో ‘యాక్సెసిబిలిటీ’ అనే మాట ఎప్పుడూ ఆఖరి వరసలో, టెస్టింగ్‌కీ బిల్లుకీ మధ్య ఇరుక్కుని కనిపించడమే దానికి సాక్ష్యం. ఇది తప్పని చెప్పడానికి పెద్ద పెద్ద ఉదాహరణలు అక్కర్లేదు. పేజీలో అందరూ తేలిగ్గా తీసుకునే చిన్న సామాను ఒకటి చాలు. నొక్కితే తెరుచుకుని, మళ్లీ నొక్కితే మూసుకునే మడత ప్యానెల్. తరచూ అడిగే ప్రశ్నల పేజీలో ప్రశ్న పైకి కనబడి జవాబు లోపల దాగి ఉండేది అదే. ఉద్యోగ నోటిఫికేషన్ పేజీలో ‘అర్హతలు’, ‘ఫీజు’, ‘ముఖ్యమైన తేదీలు’ అని వరసగా పేర్చి పెట్టేదీ అదే. పనిచేసేవాళ్లు దాన్ని అకార్డియన్ అంటారు. హార్మోనియం తిత్తిలా సాగి ముడుచుకునే వాద్యం పేరు అది. ‘అకార్డియన్‌దేముంది, అరగంట పని’ అనే మాటా అక్కడే వినబడుతుంది. నిజమే, అరగంటే. కానీ ఆ ప్యానెల్ ఎవరికి తెరుచుకుంటుంది, ఎవరికి తెరుచుకోదు అన్నది ఆ అరగంటలోనే తేలిపోతుంది. తర్వాత తగిలించేదంతా చాలావరకు ఆ అరగంటలో చేసిన తప్పుకు వేసే అతుకు.

మూసి ఉన్న ప్యానెల్ మూడు సంగతులు చెప్పి తీరాలి. ఇక్కడ తెరవదగ్గది ఒకటుందని, అది ఇప్పుడు మూసి ఉందో తెరిచి ఉందో, తెరిస్తే లోపలి సంగతి ఎక్కడ దొరుకుతుందో. కంటితో చూసేవాళ్లకు ఈ మూడూ క్షణంలో అందుతాయి. పక్కనున్న బాణం గుర్తు, దాని మీదికి వెళ్లగానే చెయ్యిగా మారే కర్సర్, కిందికి జారే పేరా ఆ పని చేస్తాయి. స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకు, అంటే తెర మీది రాతను గొంతుతో చదివించుకునేవాళ్లకు, ఆ మూడూ మాటల్లోనే రావాలి. సరిగ్గా కట్టిన ప్యానెల్ దగ్గరికి ట్యాబ్ కీతో చేరితే ‘అర్హతలు, బటన్, మూసి ఉంది’ అన్న అర్థంలో వినబడుతుంది. ఎంటర్ కొడితే ‘తెరిచి ఉంది’. కింది బాణం నొక్కితే జవాబులో మొదటి వాక్యం. అంతే, మరేం కాదు. అదే ప్యానెల్‌ను డివ్ అనే ఖాళీ డబ్బాతో కట్టి, క్లిక్ చేసినప్పుడు తెరుచుకునేలా ఒక స్క్రిప్టు తగిలించారనుకోండి. ట్యాబ్ కీ దాని మీద ఆగనే ఆగదు. పైనున్న మెనూ నుంచి కిందున్న ఫుటర్‌కు గెంతేస్తుంది. బాణం కీలతో ఒక్కో వరసా చదివించుకుంటూ వస్తే ‘అర్హతలు’, ‘ఫీజు’, ‘ముఖ్యమైన తేదీలు’ అని మూడు మాటలు వినబడి పేజీ అయిపోతుంది. మహా అయితే కొన్ని రీడర్లు ‘క్లికబుల్’ అని గొణుగుతాయి, క్లిక్ చేశాక ఏం జరిగిందో మాత్రం చెప్పవు. వినే మనిషికి అక్కడ ఏదో దాచి ఉంచారన్న అనుమానమే రాకపోవచ్చు. వివరాలు ఇంకా పెట్టలేదు కాబోలు అనుకుని వెళ్లిపోతారు. తాళం వేసిన తలుపైతే తట్టి అడగొచ్చు. ఇది గోడలో కలిసిపోయిన తలుపు.

‘సరే, ఆ డివ్‌కే కావలసిన లక్షణాలేవో చేర్చేస్తే పోతుంది కదా’ అన్నది వెంటనే వచ్చే జవాబు. చేరుద్దాం. ఈ డబ్బా బటన్ లాంటిదని చెప్పడానికి రోల్ పెట్టాలి. ట్యాబ్ కీ ఆగడానికి ట్యాబ్‌ఇండెక్స్ పెట్టాలి. అది పెట్టినంత మాత్రాన ఎంటర్ పనిచేయదు, దానికి వేరే స్క్రిప్టు. స్పేస్ బార్‌కి మరొకటి. అక్కడో చిక్కుంది. స్పేస్ నొక్కితే బ్రౌజర్ అలవాటుగా పేజీని కిందికి జరుపుతుంది కాబట్టి దాన్ని ఆపడం కూడా గుర్తుంచుకోవాలి. అసలు బటన్ ఎంటర్‌కు నొక్కగానే, స్పేస్‌కు వేలు తీశాక స్పందిస్తుంది. ఆ తేడా కూడా అనుకరించాలి. విండోస్‌లో హై కాంట్రాస్ట్ రంగులు పెట్టుకునేవాళ్లకు అసలు బటన్ చుట్టూ గీత దానంతటదే వస్తుంది, డివ్‌కు రాదు. అదీ మనమే గీయాలి. ఇన్ని అతుకులు వేసి, ఒక్కటీ మరచిపోకుండా ఉంటే, చివరికి చేరేది హెచ్‌టీఎంఎల్‌లో ఏనాటినుంచో ఉచితంగా పడి ఉన్న బటన్ అనే ట్యాగ్ దగ్గరికే. ‘బటన్ పెడితే దాని బూడిద రంగూ అంచులూ డిజైన్‌ను పాడుచేస్తాయి’ అనే ఫిర్యాదు ఒకప్పుడు కొంతైనా చెల్లేది. ఇప్పుడు పేజీ రూపం దిద్దే సీఎస్‌ఎస్‌లో నాలుగు వరసలు రాస్తే ఆ రూపం పోతుంది, గుణం మిగులుతుంది. డివ్‌కు రూపం మనం ఇస్తాం సరే, గుణం ఎక్కడినుంచి తెస్తాం?

ఈ అతుకుల సామగ్రికి ఏరియా అని పేరు. (పేరులో ఏరియా ఉన్నా, ‘అది మా ఏరియా కాదు’ అనేవాళ్లే ఎక్కువ.) వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2014లో దీన్ని అధికారికంగా విడుదల చేసింది. దాని వాడకం గురించి ఆ సంస్థ చెప్పిన మొదటి నియమమే, హెచ్‌టీఎంఎల్‌లో ఆ పని చేసే అసలు ట్యాగ్ ఉంటే ఏరియా జోలికి పోవద్దని. తప్పుగా వాడిన ఏరియా కంటే అసలు వాడకపోవడమే మేలని కూడా వాళ్ల మార్గదర్శకం హెచ్చరిస్తుంది. అమెరికాలోని వెబ్‌ఎయిమ్ సంస్థ ఏటా 10 లక్షల వెబ్‌సైట్ల మొదటి పేజీలను యంత్రంతో పరీక్షిస్తుంది. 2024లో వాటిలో 95.9 శాతం పేజీల్లో యాక్సెసిబిలిటీ తప్పులు దొరికాయి. ఏరియా వాడిన పేజీల్లో సగటున తప్పులు తగ్గలేదు, వాడని పేజీల కంటే ఎక్కువే ఉన్నాయి. ఏరియా వాడేది ఎక్కువగా సంక్లిష్టమైన పేజీల్లో కాబట్టి తప్పులన్నిటికీ అదే కారణమని తేల్చేయడం న్యాయం కాదు. కానీ ‘లక్షణాలు చేరిస్తే పేజీ బాగుపడుతుంది’ అనేవాళ్లకు ఈ లెక్కల్లో అండ దొరకదు. మడత ప్యానెల్‌లో ఇది ఎలా జరుగుతుందో చూడండి. తెరిచి ఉందా మూసి ఉందా అని చెప్పే లక్షణం ఏరియా-ఎక్స్‌పాండెడ్. ఎవరో దాన్ని మొదట్లో ‘ఫాల్స్’ అని రాసి, తెరిచినప్పుడు ‘ట్రూ’గా మార్చడం మరచిపోయారు. ఇక రీడర్ ‘మూసి ఉంది’ అంటూనే ఉంటుంది. వినేవాళ్లు మళ్లీ నొక్కుతారు, ఈసారి నిజంగానే మూసుకుంటుంది. ఆ లక్షణమే లేకుంటే నొక్కి చూసి, కిందికి దిగి వెతుక్కునేవాళ్లు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే. అతి జాగ్రత్తతో చేసే తప్పు మరొకటి ఉంది. లక్షణాన్ని సరిగ్గా మారుస్తూ, బటన్ మీది మాటను కూడా ‘చూపించు’ నుంచి ‘దాచు’కు మారుస్తారు. అప్పుడు వినబడేది ‘దాచు, తెరిచి ఉంది’. దాచడానికి తెరిచి ఉందా, దాచడం అనే పని తెరుచుకుందా? పేరు స్థిరంగా ఉండాలి, స్థితి మారాలి. రెండూ కలిసి మారితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

దాచే పద్ధతి దగ్గర మరో గందరగోళం. ప్యానెల్ ఎత్తును సున్నా చేసి, పొంగిన భాగాన్ని కత్తిరించడం అందరికీ ఇష్టమైన ఉపాయం, ఎందుకంటే అలా చేస్తే మెల్లగా జారే యానిమేషన్ సులువు. ఇలా చేసినప్పుడు లోపలి రాత కంటికి మాత్రమే మాయమవుతుంది. రీడర్ దాన్ని చదువుతూనే ఉంటుంది. అంతకంటే ఇబ్బంది, లోపలున్న లింకుల మీద ట్యాబ్ కీ ఆగుతూనే ఉంటుంది. కంటిచూపు బాగుండి, చేతులు వణకడం వల్ల మౌస్ వదిలి కీబోర్డుతోనే నడిచే మనిషిని ఊహించుకోండి. ట్యాబ్ కొడితే ఫోకస్ గీత ‘ఫీజు’ మీద ఉంది. మళ్లీ కొడితే ఎక్కడా లేదు. మళ్లీ కొడితే ఎక్కడా లేదు. మూసిన ప్యానెల్ లోపలి ఆరు లింకుల మీదుగా ఆరుసార్లు ఆ గీత కనబడకుండా నడిచి, ఏడోసారి ‘ముఖ్యమైన తేదీలు’ దగ్గర తేలుతుంది. డిస్‌ప్లే నన్ అనో, విజిబిలిటీ హిడెన్ అనో సీఎస్‌ఎస్‌లో రాసి ఉంటే అది కంటికీ చెవికీ కీబోర్డుకూ ఒకేసారి మూసుకునేది. ప్యానెల్ కావాలంటే మెల్లగానే జారనివ్వండి, మూసుకోవడం పూర్తయ్యాక ఆ మాట రాయడం మరచిపోకండి. కదలికలు చూస్తే కళ్లు తిరిగేవాళ్లు తమ ఫోన్‌లో యానిమేషన్లు తగ్గించమని పెట్టుకుంటారు. ఆ కోరికను పేజీకి తెలియజేసే ఏర్పాటూ బ్రౌజర్లలో ఉంది, వినాలంతే.

ఎత్తు మాట వచ్చింది కాబట్టి తెలుగు పేజీల సంగతి చెప్పాలి. తెరిచినప్పుడు ప్యానెల్ గరిష్ఠంగా ఇన్ని పిక్సెళ్లని ఒక అంకె రాసేయడం మరో అలవాటు. ఆ అంకె ఇంగ్లీషు రాతను చూసి వేసినది. అదే పేజీ తెలుగులోకి వచ్చేసరికి మాటలు పొడవవుతాయి, వరసల మధ్య ఎడం పెరగాలి, చివరి రెండు వరసలు కత్తెర పాలవుతాయి. ప్యానెల్ తలకట్టుకు, అంటే పైకి కనబడే శీర్షికకు, కొలిచి పెట్టిన ఎత్తు ఇంకా దారుణం. ‘దరఖాస్తు’లో త వత్తు, ‘రాష్ట్రం’లో ష కింద చేరిన ట వత్తు, ర వత్తు గీతకు దిగువనే బతుకుతాయి. లాటిన్ అక్షరాలకు సరిపోయే డబ్బాలో వాటి కాళ్లు తెగిపోతాయి. పోనీ పేజీ తయారైన రోజున సరిపోయిందే అనుకుందాం. కళ్లజోడు పెట్టుకుని కూడా అక్షరాలు పెద్దవి చేసుకుంటే తప్ప చదవలేనివాళ్లు వాటిని పెంచగానే మళ్లీ తెగుతాయి. వరసల ఎడాన్ని అక్షరాల పరిమాణానికి ఒకటిన్నర రెట్లు చేసుకున్నా ఏదీ పోకూడదని వెబ్ యాక్సెసిబిలిటీకి డబ్ల్యూ3సీ పెట్టిన డబ్ల్యూసీఏజీ 2.1 ప్రమాణం 2018 నుంచీ చెబుతోంది. ఇది చూపు లేనివాళ్ల సమస్య కాదు, చూపు ఉన్నవాళ్లదే. తెరను భూతద్దంలో చూసినట్టు పెంచుకుని చదివేవాళ్లకు మరో చిక్కుంది. వాళ్లకు ఒకసారి పేజీలో చిన్న ముక్కే కనబడుతుంది. ఎడమ చివర ‘అర్హతలు’ అన్న మాట, కుడి చివర ప్లస్ గుర్తు, మధ్యలో జానెడు తెల్లటి ఖాళీ. మాట చూసినప్పుడు గుర్తు కనబడదు, గుర్తు ఉందని తెలియనప్పుడు అటు జరిగేదెందుకు? గుర్తును మాట పక్కకు తేవడానికి ఏ ఏరియా అక్కర్లేదు, ఆఖరి వరసలో చేర్చదగ్గదీ కాదు. డిజైన్ గీసే రోజునే తేలాల్సిన సంగతి.

‘మేం చేతితో కట్టం, పేరున్న లైబ్రరీ వాడతాం, పరీక్ష సాధనంలో నూటికి నూరు వస్తుంది’ అన్నది కాస్త బలమైన ఆక్షేపణ. మంచి లైబ్రరీలు ఉన్నమాట నిజం. కానీ ఆ లైబ్రరీ బటన్ పెట్టినచోట ‘మా థీముకు నప్పలేదు’ అని డివ్‌గా మార్చేవాళ్లూ, దాని చుట్టూ ఉన్న తలకట్టు ట్యాగును తీసేసేవాళ్లూ మనలోనే ఉన్నారు. తలకట్టు చిన్న సంగతి కాదు. పెద్ద పేజీలో కావలసింది వెతుక్కోవడానికి స్క్రీన్ రీడర్ వాడేవాళ్లలో ఎక్కువమంది మొదట పట్టుకునేది తలకట్లనేనని వెబ్‌ఎయిమ్ సర్వేలు మళ్లీ మళ్లీ చూపించాయి. తలకట్టు లోపల బటన్ ఉండాలి. తిరగేసి బటన్ లోపల తలకట్టు పెడితే తలకట్టు గుణం పోతుంది. ఇక నూటికి నూరు మార్కుల మాట. ఆస్ట్రియాకు చెందిన మాన్యుయెల్ మాతుజోవిచ్ 2019లో పని కట్టుకుని ఎవరూ వాడలేని పేజీ ఒకటి కట్టి, దానికి గూగుల్ వారి లైట్‌హౌస్ సాధనంలో నూటికి నూరు తెప్పించి చూపించాడు. యంత్రం లక్షణం ఉందా లేదా అని చూస్తుంది. ఆ లక్షణం చెప్పేది నిజమా అబద్ధమా అన్నది నొక్కి, విని, మళ్లీ నొక్కితేనే తెలుస్తుంది. ఒక్క వరస స్క్రిప్టు అతికిస్తే సైటంతా చక్కబడుతుందని అమ్మే సాధనాల కథ ఇంకా స్పష్టం. అలాంటి ప్రచారం చేసుకున్నందుకే యాక్సెసిబీ అనే కంపెనీ 10 లక్షల డాలర్లు చెల్లించాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో ఆదేశించింది.

‘అయితే డిటెయిల్స్, సమ్మరీ ట్యాగులు ఉన్నాయి కదా, స్క్రిప్టే అక్కర్లేదు, గొడవ తీరిపోయింది’ అనేవాళ్లు నాకు దగ్గరివాళ్లే. బ్రౌజరే తెరిచి మూసే ఈ జంట 2011లో క్రోమ్‌లో, 2016లో ఫైర్‌ఫాక్స్‌లో, 2020లో ఎడ్జ్‌లో వచ్చింది. డివ్‌తో పోలిస్తే ఇది వెయ్యిరెట్లు మేలు, స్క్రిప్టు దిగకపోయినా పనిచేస్తుంది. కానీ దీన్ని మంత్రంగా తీసుకుంటే మళ్లీ పాత అభిప్రాయమే కొత్త చొక్కా తొడుక్కున్నట్టు. సమ్మరీని కొన్ని బ్రౌజర్లు బటన్‌గా చెబుతాయి కాబట్టి దాని లోపలి తలకట్టు కొందరికి అందదు. తలకట్ల మీద ఆధారపడే పెద్ద పేజీకి ఇది లోటే, ఒక చిన్న అదనపు వివరణను దాచుకోవడానికైతే చక్కగా సరిపోతుంది. ఒకే పేరు ఇచ్చిన డిటెయిల్స్‌లో ఒకటి తెరిస్తే మరొకటి మూసుకునే సదుపాయం 2023 చివర్లో మొదలై ఏడాదిలోపే పెద్ద బ్రౌజర్లన్నిటికీ వచ్చింది. అది రాగానే ఎగబడ్డారు. ఒకసారి ఒక్కటే తెరిచి ఉండాలన్న కోరిక ఎవరిది? ‘అర్హతలు’లో వయసు నిబంధనను, ‘సడలింపులు’లో దాని మినహాయింపుతో పోల్చుకోవాలనుకునే అభ్యర్థిది మాత్రం కాదు. పైది మూసుకోగానే పేజీ పైకి జరిగి, చదువుతున్న వాక్యం తెర దాటిపోతుంది. భూతద్దంతో చదివేవాళ్లయితే ఎక్కడున్నామో మొదటినుంచి వెతుక్కోవాలి.

కాబట్టి మొదట అడగాల్సింది ఏ ట్యాగ్ అని కాదు, అసలు మడతపెట్టాలా అని. బ్రిటన్ ప్రభుత్వ సైట్ల డిజైన్ మార్గదర్శకం, వాడేవాళ్లకు మేలు జరుగుతుందన్న ఆధారం ఉంటేనే అకార్డియన్ పెట్టమంటుంది, దాచింది కొందరి కంట పడదని ముందే చెబుతుంది. వాళ్ల ప్యానెల్‌లో అన్నిటినీ ఒకేసారి తెరిచే బటన్ పైన ఉంటుంది. స్క్రిప్టు దిగకపోతే అన్నీ తెరిచే కనబడతాయి. మడత ఎప్పుడూ తప్పు అనడం లేదు. మొబైల్‌లో వికీపీడియా వ్యాసం విభాగాలు మడుచుకుని ఉంటే, నలభైసార్లు వేలితో జరపాల్సిన చోట నాలుగు మాటల్లో దారి దొరుకుతుంది. అక్కడ చదివేవాళ్లకు కావలసింది ఒకటో రెండో విభాగాలు. నోటిఫికేషన్‌లో చదివేవాళ్లకు కావలసింది అన్నీ. అన్నీ కావలసినచోట దాచడం చదివేవాళ్ల కోసం కాదు, మీటింగులో పేజీని ఒక్క తెరలో చూపించడం కోసం.

ఇక ఆఖరి ఆక్షేపణ, పైకి అనకపోయినా అందరి మనసులో ఉండేది: ఇదంతా కొద్దిమంది కోసం కదా అని. 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో వికలాంగులు 2.68 కోట్లు, అందులో చూపు సమస్య ఉన్నవాళ్లే 50 లక్షలు. కొద్దిమంది అన్న మాట అక్కడే ఆగిపోవాలి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. దాని కింద రాసిన నియమాల్లో ప్రమాణాలను తప్పనిసరి చేయకుండా సలహాల్లా వదిలేశారని 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్‌లో ప్రజ్ఞా ప్రసూన్ కేసులో తేల్చింది. అయినా చట్టాన్ని అడ్డం పెట్టుకుని గెలవాల్సిన వాదన కాదిది. మడత చిక్కు అందరిదీ. మూసిన ప్యానెల్‌లో ఉన్న మాట కోసం కంట్రోల్ ఎఫ్ కొట్టి వెతికితే, మామూలుగా దాచిన రాత దొరకదు. దొరికేలా దాచే కొత్త పద్ధతి 2022లో క్రోమ్‌లోకి వచ్చింది, వాడేవాళ్లు అరుదు. ప్రింట్ కూడా అంతే. ఆఖరి తేదీకి ముందు రోజు ఇంటర్నెట్ సెంటర్లో వరసలో నిలబడి, ‘ఆ పేజీ మొత్తం ఒక కాపీ తియ్యి తమ్ముడూ’ అని అడిగిన మనిషికి రెండు కళ్లూ బాగానే ఉన్నాయి, చేతులూ బాగానే ఉన్నాయి. పది రూపాయలు ఇచ్చి తీసుకున్న కాగితం మీద ‘అర్హతలు’, ‘ఫీజు’, ‘ముఖ్యమైన తేదీలు’ అని మూడు తలకట్లు, వాటి పక్కన మూడు ప్లస్ గుర్తులు ఉంటాయి.